రేచల్ నవ్విన చోట

"సార్, ఆ రికార్డింగు ఇంకొక్కసారి పెట్టండి" అంది వెనక వరసలోంచి ఆ పెద్దావిడ, తెలుగులో.

క్లాసంతా గొల్లున నవ్వింది.

మనోహర్‌కి ఒళ్ళు మండింది. గుర్‌గావ్ కాల్ సెంటర్లో అతను ట్రైనర్. ఊరు తెనాలి, కాపురం ఢిల్లీలోని జనక్‌పురి. అయినా ఆఫీసు గుమ్మం తొక్కితే చాలు, అతను మనోహర్ కాదు, 'మైక్'. తెలుగు ముక్క రానట్టే ఉంటాడు.

"ఓన్లీ ఇంగ్లీష్, మేడమ్."

ఆవిడ తల దించుకుంది.

అక్కడికి ఫోన్లు చేసేదంతా ఇంగ్లండువాళ్ళు. వాళ్ళతో కులాసాగా నాలుగు మాటలాడటం నేర్పడం మనోహర్ పని. అందుకని ప్రతి బ్యాచ్‌కీ రేచల్ అనే పాత ఉద్యోగిని మాట్లాడిన కాల్ రికార్డింగు వినిపిస్తాడు. ఆ అమ్మాయి అసలు పేరేమిటో అతనికి తెలియదు. అక్కడ అందరివీ పెట్టుడు పేర్లే. అతను చేరేసరికే ఆమె సీటు ఖాళీ అయింది. మానేసింది కాబోలు అనుకున్నాడు.

ఆ కాల్లో ఇంటర్నెట్ రావడం లేదని ఓ ముసలి దొర చిందులు తొక్కుతుంటాడు. తోటలో దొరికిన చిమ్మట పేరేదో వెతుక్కోవాలట ఆయన. రేచల్ మెల్లగా ఆయన్ని మాటల్లో పెడుతుంది. మీ దేశంలో సీతాకోకచిలుకలకీ చిమ్మటలకీ భలే పేర్లటగా అంటుంది. పెయింటెడ్ లేడీ, రెడ్ అడ్మిరల్, డ్రింకర్, మెయిడెన్స్ బ్లష్, సెటేషియస్ హీబ్రూ క్యారెక్టర్... ఒక్కొక్కటే ముద్దుముద్దుగా పలుకుతుంది.

"ఒకదాన్ని ఏ చిమ్మటో తేల్చుకోలేక, అన్‌సర్టెన్ అనే పేరు పెట్టేశారట కదండీ!" అని కిలకిలా నవ్వుతుంది.

దొర కూడా నవ్వేస్తాడు.

అది విన్నప్పుడల్లా పెద్దావిడ పెదాలు కదిలేవి. అయిపోగానే మళ్ళీ పెట్టమనేది.

ఈవిడ క్లాసులోకి వచ్చిన తీరే మనోహర్‌కి నచ్చలేదు. సోమవారం హెచ్.ఆర్. నుంచి ఉష ఫోన్ చేసింది.

"మీ క్లాసులో ఒకావిడ కూర్చుంటారండీ. ఆవిడ..."

"ఠీక్ హై, ఠీక్ హై" అని ఫోన్ పెట్టేశాడు.

ఎవరో పెద్ద ఆఫీసరు సిఫార్సు అనుకున్నాడు. ఢిల్లీలో తెలుగువాళ్ళు సిఫార్సు లేకుండా కుర్చీలో కూర్చోరని అతని నమ్మకం.

శుక్రవారం లండన్ నుంచి క్లయింటు వస్తున్నాడు. బ్యాచ్ మెప్పిస్తే మనోహర్‌కి ప్రమోషన్. మధ్యలో ఈవిడ నోరు విప్పిందంటే పరువు గంగలో కలిసినట్టే.

బ్యాచ్‌లో ఎవరో ఆవిడకి 'ఓల్డ్ లేడీ' అని పేరు పెట్టారు. అదీ ఓ చిమ్మట పేరే. మనోహర్ వారించలేదు సరికదా, తనూ అలాగే పిలిచాడు. ఆవిడ కోపం లేకుండా పలికేది.

ఓసారి క్లాసయ్యాక వరండాలో ఎదురొచ్చింది.

"బాబూ, మీరు తెలుగువారేనట కదా. ఆ రికార్డింగులో పిల్ల..."

"నో తెలుగు, ఆంటీ."

పక్కనుంచి వెళ్ళిపోయాడు.

గురువారం రిహార్సల్. నలుగురిలో సిగ్గుపడితే తనే మానేస్తుందని మనోహర్ ఎత్తు.

"ఓల్డ్ లేడీ, స్టాండప్! ఇన్నిసార్లు విన్నారుగా, ఏం నేర్చుకున్నారు?" అన్నాడు ఇంగ్లీషులో.

ఆవిడకి ఎంత అర్థమైందో గానీ, లేచి నిలబడింది. కళ్ళు మూసుకుంది.

పెయింటెడ్ లేడీ అంది. రెడ్ అడ్మిరల్ అంది. వరసగా అన్నీ చెప్పింది. రేచల్ ఊపిరి పీల్చిన చోట తనూ పీల్చింది, రేచల్ సాగదీసిన చోట తనూ సాగదీసింది. అన్‌సర్టెన్ అని, రేచల్ నవ్విన చోట తనూ అచ్చం అలాగే కిలకిలా నవ్వింది.

క్లాసు బల్లలు చరిచింది.

"మిమిక్రీ ఆంటీ! వన్స్ మోర్!"

చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నా ఆవిడ నవ్వు ఆపలేదు. తన పాఠాన్ని వెక్కిరిస్తోందనుకున్నాడు మనోహర్.

"ఇదేమైనా సర్కస్సా? గెటవుట్!"

"వెళ్తాను బాబూ. బయట నించుని వింటాను. తలుపు కాస్త తీసి ఉంచండి, చాలు."

ఆ ఆఫీసులో మొదటిసారి మనోహర్ నోట తెలుగు వచ్చింది.

"వినడానికి ఇంకేం ఉండదు. చూడండి."

ఆవిడ కళ్ళముందే రికార్డింగు చెరిపేశాడు. ఎలాగూ పాతబడింది, కొత్తది పెట్టుకోవచ్చు అనుకున్నాడు.

ఆవిడ ఆ కంప్యూటర్ దగ్గరికి వచ్చి, తెర మీద ఒకసారి చెయ్యి వేసింది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం క్లయింటు మెచ్చుకున్నాడు. మనోహర్‌కి ప్రమోషన్ ఖాయమైంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఉష వచ్చి చెయ్యి కలిపింది.

"కంగ్రాట్స్ అండీ. అన్నపూర్ణేశ్వరి ఆంటీ ఏరీ, కనబడరే?"

"పంపించేశాను. ఏం కాండిడేటండీ బాబూ, ఇంగ్లీషు ముక్క రాదు!"

"కాండిడేటా? ఆవిడ ఉద్యోగానికి రాలేదండీ. ఆ రోజు చెప్తుంటే మీరు ఫోన్ పెట్టేశారు." ఉష గొంతు తగ్గించింది. "ఆ రికార్డింగు ఇమ్మని ఎన్నిసార్లు తిరిగారో పాపం. కాల్స్ గేటు దాటకూడదని క్లయింటు రూలాయె. అందుకే క్లాసులో కూర్చుని వినమన్నాం. రేచల్ మిగతా కాల్సన్నీ ఎప్పుడో చెరిపేశారు, మీ దగ్గరున్నదొక్కటే మిగిలింది. జాగ్రత్తండీ, సోమవారం మళ్ళీ రమ్మంటాను."

మనోహర్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఆవిడకెందుకు... ఆ రికార్డింగు?"

"మీరు చేరకముందు సంగతి. పోయిన చలికాలం, పొగమంచులో మన క్యాబ్ లారీని గుద్దుకుంది. అందులో పోయిందండీ రేచల్. అసలు పేరు గౌరి."

ఉష కళ్ళు తుడుచుకుంది.

"ఆవిడ గౌరి వాళ్ళమ్మ."