ఒక దిమ్మ టోఫు తింటే ఏమవుతుంది?

“సోయా తినే మగవాడు సగం ఆడదే. ఈ మాట నాది కాదు, శాస్త్రానిది.”

‘ఉక్కుకండ’ అన్న పేరుతో ఎవరో ఇంటర్నెట్‌లో రాసిన ఈ వాక్యం కింద మధ్యాహ్నానికల్లా మూడు వందల జవాబులు చేరాయి.

“మా తాత రోజూ సోయాపాల టోఫు తిన్నాడు. తొమ్మిదిమంది పిల్లలు. తమరికెంతమంది బాబూ?” అని ఒకరు అడిగారు.

“అందుకే ఇప్పుడు కొరియాలో ఉయ్యాలలు ఖాళీ,” అన్నాడు ఉక్కుకండ.

“దానికి కారణం సియోల్‌లో ఇళ్ల అద్దెలురా. పాపం టోఫు ఏం చేసింది?”

టొరంటో నుంచి ఒకమ్మాయి రాసింది: “ఇక్కడ మా ఆఫీసులో దాన్ని తడి స్పాంజి అంటారు. బూజు పట్టిన చీజ్ మాత్రం లొట్టలేసుకుంటూ తింటారు.”

ఒక నర్సు ఓపికగా వివరించింది. సోయాలో ఉన్నది ఆడ హార్మోనును పోలిన మొక్క పదార్థం మాత్రమే. పోలినంత మాత్రాన అదే అయిపోదు. మామూలుగా తింటే మగవాడికి ఏమీ కాదు. ఆ జవాబును ఎవరూ పట్టించుకోలేదు. అందులో తిట్టు లేదు.

కొరియా తీరపట్నం గాంగ్నుంగ్‌లోని తన టోఫు దుకాణంలో కూర్చుని యాంగ్ గుమ్‌రే మూడు వందలూ చదివింది. అరవై ఆరేళ్ల మనిషి. సోయా పాలను సముద్రపు నీటితో విరగ్గొట్టి టోఫు చేయడం నలభై ఏళ్లుగా ఆమె పని. ఎవరితోనూ వాదించే అలవాటు లేదు. ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకుందామనే వచ్చింది, ఎందుకంటే అది ఇన్‌గ్యు అనే కుర్రాడి ఉత్తరంలోకి కూడా చేరింది.

జైలు నుంచి ఇన్‌గ్యు పదకొండు ఉత్తరాలు రాశాడు. అన్నిటా క్షమాపణే. ఆమె తెలుసుకోవాలనుకున్నది ఒక్కదానిలోనూ లేదు. అది కాగితం మీద అడిగే సంగతీ కాదు. చివరి ఉత్తరానికి మాత్రం ఆమె ఒక ముక్క జవాబు రాసింది: “విడుదల రోజున టోఫు తెస్తాను. తింటావా?”

జైలు గుమ్మం దాటినవాడికి తనవాళ్లెవరైనా అక్కడే తెల్లని టోఫు తినిపించాలి. టోఫు మళ్లీ సోయాగింజ కానట్టే, తిన్నవాడు మళ్లీ లోపలికి పోడు. అది అక్కడి నమ్మకం. తిన్నాకే అతనితో మాట కలుపుతారు.

ఇన్‌గ్యు నుంచి సమాధానం వచ్చింది: “ఇక్కడ కుర్రాళ్లం ఎవరం సోయా ముట్టం. మగవాళ్ల హార్మోన్లు పాడవుతాయంటున్నారు. దయచేసి రావద్దు.”

అది నమ్మకమో, సాకో ఆమెకు అంతుపట్టలేదు. నమ్మకమైతే పోగొట్టవచ్చు. అందుకే ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఆ మూడు వందల జవాబుల కింద తన ప్రశ్న చేర్చింది: “ఇరవై తొమ్మిదేళ్ల అబ్బాయి ఒక దిమ్మ టోఫు ఒక్కసారే తింటే ఏమవుతుంది?”

“తెల్లారేసరికి గౌను అడుగుతాడు, పెద్దమ్మా.”

“పెళ్లికి మంచి కుట్టుమిషను కొనిపెట్టండి.”

“అయినా పచ్చిది, కారం కూడా లేకుండా, దిమ్మంతా ఎవడు తింటాడండీ?” అని ఉక్కుకండ అడిగాడు.

ఆమె రాసింది: “రేపు జైలు నుంచి వస్తున్నాడు.”

తర్వాత మొదటి జవాబు ఉక్కుకండ నుంచే వచ్చింది.

“పెట్టండమ్మా. ఏమీ కాదు. నేను రాసిందంతా ఎక్కడో చదివి రాసిందే. మీ చేత్తో పెట్టండి, తింటాడు.”

అమ్మా అన్న ఆ పిలుపు దగ్గర గుమ్‌రే చాలాసేపు ఆగిపోయింది.

మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి జైలు తలుపు తెరుచుకుంది. బయటికి వచ్చినవాళ్లలో ఇన్‌గ్యు చివరివాడు. అతని కోసం మరెవరూ రాలేదు. ఆమెను చూడగానే నిలబడిపోయాడు. కోర్టులో చూసుకున్న తర్వాత, ఈ నాలుగేళ్లలో, మళ్లీ ఎదురుపడడం ఇప్పుడే.

“రావద్దని రాశాను,” అన్నాడు నేల చూస్తూ.

“రాశావు. చదివాను.” ఆమె గుడ్డ విప్పింది. టోఫు ఇంకా వెచ్చగా ఉంది. “తిను.”

“నేను సోయా...”

“తెలుసు. నిన్నంతా అదే చదివాను. నీకు గడ్డం మొలవడం ఆగదని ఒక నర్సు హామీ ఇచ్చింది.”

అతను తల అడ్డంగా ఊపాడు. “అది కాదు. మీ చేతి తిండి తినే అర్హత నాకు లేదు.”

“అర్హత అడిగానా? ఆకలిగా ఉందా లేదా?”

అతను మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆమె కష్టంగా వంగి, ఒక ముక్క తుంచి నోటికి అందించింది. అతను నమిలాడు. రెండో ముక్క తనే తీసుకున్నాడు. ఏడుస్తూ, మింగలేక మింగుతూ, దిమ్మంతా తిన్నాడు. ఆమె తన చేతిగుడ్డతో అతని మూతి తుడిచింది.

తర్వాత అతని పక్కనే రోడ్డు అంచున కూర్చుని, ఎంతో నెమ్మదిగా అడిగింది: “నీ కారు కింద పడ్డ మా అబ్బాయి, ప్రాణం పోయేముందు ఏమైనా అన్నాడా, బాబూ?”