మందుపెట్టె అడిగిన పేరు

ఇంటింటా మందుపెట్టెలు వచ్చాక, మందు కనిపెట్టినవారి పేరు చెప్పి దండం పెడితేనే మూత తెరుచుకునేది.

కుష్ఠు సోకిన మాణిక్యం ఆ పొద్దున కుతకుత ఉడికే గిన్నెను ఉత్త చేతులతో దించింది. వేళ్లకు తెలియనే లేదు. ఇప్పుడు పెట్టె ముందు కూర్చుని "దేవసుందరి" అంది. మూత కదల్లేదు.

"నా పేరు కాదే, మా ప్రయోగశాల డైరెక్టరుగారి పేరు చెప్పు," అంది అక్క దేవసుందరి.

"చచ్చినా చెప్పను. అడవిబాదం నూనెను ఈ కుష్ఠుకు సూదిమందుగా మార్చడానికి పదకొండేళ్లు ఆ ప్రయోగశాలలో రెక్కలు ముక్కలు చేసుకుంది నువ్వు. ఆయన చేసిందల్లా, కనిపెట్టింది తనేనని సంతకం పెట్టడమే!"

దేవసుందరి చెల్లెలి వేళ్ల మీది బొబ్బలు చూసింది. ముప్పై ఏళ్లుగా తన నోట పలకని ఆ పేరును, చేతులు జోడించి, పెట్టెకు వినబడేలా చెప్పింది.

మూత వెంటనే తెరుచుకుంది.