పళ్ళు లేని ఘటసర్పం

"ప్రసవవేదన పడుతున్న స్త్రీ ఎదుట ఎర్రని మహాఘటసర్పం నిలబడి ఉంది! బిడ్డ పుట్టగానే మింగేయాలని!" అని ప్రసంగీకుడు తన భాషలో గర్జించి, అనువాదం కోసం ఆగాడు.

పక్కన అనువాదం చెప్పడానికి మైకు పట్టుకున్న ఆయమ్మ రెండో వరస వైపు చూసింది.

అక్కడ, ఫ్యాను కింద ఆమె కూతురు కూర్చుని ఉంది. ఎనిమిదో నెల. కిందటిసారి కడుపు నిలవలేదు. ఈసారి పిల్లను ఏ మాత్రం కంగారు పెట్టకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఆ పిల్లేమో బల్లిని చూసినా గుండె పట్టుకునే రకం.

"ఒకావిడకి నొప్పులొస్తున్నాయి," అంది ఆయమ్మ మైకులో. "కాస్త దూరంగా పాములాంటిదేదో ఉంది. దాని మానాన అది ఉంది."

అసలు ఈ పని ఆమెది కాదు. తొమ్మిదో క్లాసుతో చదువు ఆపేసి, పరాయి భాష వాళ్ళింట్లో పిల్లల్ని పెంచింది. ఆ భాషలో లాలించడం, గదమాయించడం బాగా వచ్చు. అంతే. ఆ మధ్యాహ్నమే చర్చి సంఘపెద్ద పరుగున వచ్చాడు.

"అమ్మా, అనువాదం చేసే లెక్చరరుగారికి గొంతు పోయింది."

"అయ్యో! గొంతులో గడ్డేమో, చూపించుకున్నారా?"

"జలుబమ్మా తల్లీ! సాయంత్రానికి నువ్వు రావాలి. ప్రసంగీకులు బైబిలు ప్రకటన గ్రంథంలో గుర్తులకి అర్థాలు చెబుతారు."

"నేనా? మన భాషలో చెప్పేవాళ్ళెవర్నయినా పిలవొచ్చుగా అన్నా!"

"మన భాషలో చెబితే ముందు వరస కూడా నిండదు. పరాయి భాషాయన అనేసరికి చూడు, కుర్చీలు అద్దెకు తెచ్చాం."

కూతురు తానూ వస్తానంది. గాలాడదంది ఆయమ్మ, దోమలంది, జనం తోసుకుంటారంది, ఫ్యాను ఊడి పడొచ్చంది. వింటేనా!

"దానికి ఏడు తలలు, పది కొమ్ములు!" ప్రసంగీకుడు బల్ల గుద్దాడు. "తన తోకతో ఆకాశ నక్షత్రాల్లో మూడో భాగాన్ని ఈడ్చి భూమ్మీద పడేసింది!"

"తలలు చాలానే ఉన్నాయి గానీ, ఒక్కదాన్లోనూ పళ్ళు లేవు," అంది ఆయమ్మ. "తోక ఊపింది. నాలుగు చుక్కలు కదిలాయి."

హాలంతా నవ్వింది. కూతురు పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. ఆయమ్మ ప్రాణం కుదుటపడింది. మరుక్షణమే, ఇంత నవ్వితే నొప్పులు గానీ మొదలవుతాయేమోనని అదిరిపడింది.

"నవ్వేవాళ్ళు మెల్లిగా నవ్వాలని అయ్యగారు చెబుతున్నారు," అని చేర్చింది.

ప్రసంగీకుడు జేబురుమాలు తీసి, మొహం గోడవైపు తిప్పుకుని దగ్గాడు. మళ్ళీ అందుకున్నాడు.

"ఆ స్త్రీ ఒక మనిషి కాదు, దేవుని ప్రజలకు గుర్తు."

ఈ మాట ఆయమ్మకు తెగ నచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పింది. "మళ్ళీ చెబుతున్నా, ఆవిడ ఈ హాల్లో ఎవరూ కాదు," అని సొంతంగా ఇంకో ముక్క కలిపింది.

"పుట్టిన మగబిడ్డ దేవుని సింహాసనం దగ్గరికి ఎత్తబడ్డాడు!"

పుట్టిన బిడ్డను పైకి తీసుకుపోవడమా! ఈ పిల్ల ముందా ఆ మాట!

"మగపిల్లాడు పుట్టాడు. గట్టిగా ఏడ్చాడు. పాలు తాగాడు. తల్లీబిడ్డా క్షేమం."

చప్పట్లు మోగాయి. అప్పుడు లేచాడు సంఘపెద్ద, తెరిచిన బైబిలుతో.

"అమ్మా, పాలు తాగడం ఎక్కడుంది? పళ్ళు లేవని ఎక్కడుంది? నా దాంట్లో లేదే!"

"నాదేముంది అన్నా? ఆయన చెప్పిందే చెబుతున్నా."

"అయితే ఆయన్నే అడుగు, దానికి పళ్ళు లేవా అని. కాదంటే ఈ అధ్యాయం నేనే గట్టిగా చదివి వినిపిస్తా."

చదివితే కొంప మునిగినట్టే. కూతురి మొహంలో నవ్వు అప్పుడే సన్నగిల్లింది. ఆయమ్మ ప్రసంగీకుడి వైపు తిరిగి, ఆయన భాషలో వినయంగా అడిగింది.

"అయ్యా, మంచినీళ్ళు తాగుతారా?"

ఆయన ఆమెను చూశాడు. సంఘపెద్దను చూశాడు. రెండో వరసలో పొట్ట మీద చెయ్యి వేసుకున్న అమ్మాయిని చూశాడు. అవునన్నట్టు గంభీరంగా తల ఊపాడు.

"లేవంటున్నారు," అంది ఆయమ్మ. "మూల భాషలో అలాగే ఉందట."

సంఘపెద్ద పెన్ను తీసి, బైబిలు పేజీ అంచున రాసుకుని కూర్చున్నాడు.

ప్రసంగం ఆ తర్వాత చప్పున ముగిసింది. "చివరికి ఘటసర్పం ఓడిపోయింది," అన్నాడు ప్రసంగీకుడు. ఆ మాటను మాత్రం ఆమె ముట్టుకోలేదు.

జనం పలచబడ్డాక కూతురు మెల్లిగా నడుచుకుంటూ వచ్చింది.

"అమ్మా, ప్రకటన గ్రంథమంటే హడలిపోయేదాన్ని, ఇంతేనా! రేపు కూడా వస్తా."

"రేపా? రేపు వాన పడుతుందే! మెట్లు జారతాయి!"

"పడనీ. వస్తానంటే వస్తా."

ఆయమ్మ తల పట్టుకుంది. అంతలో ప్రసంగీకుడు చరచరా ఆమె వైపే వచ్చాడు. అయిపోయింది, ఎవరో చెప్పేశారు, ఇంత జనంలో నిలదీస్తాడు, పిల్ల ముందు పరువు పోతుంది అనుకుని, ఆమె కూతురికి అడ్డంగా నిలబడింది.

"రేపు అగ్నిగుండం గురించమ్మా, అమ్మాయి ఎటూ వస్తానంటోందిగా, దాన్ని కూడా కాస్త చల్లార్చి పెట్టండి," అన్నాడాయన, ఒక్క ముక్క తడబడకుండా, మన భాషలోనే.