నెలకు పది చుట్లు

గ్యారేజ్ తలుపు పైకి లేచేసరికి లోపల ఎవరో పెద్దాయన ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

దివాకర్ చేతిలోని కాఫీ సగం చొక్కా మీద పడింది.

"ఎవరు మీరు? లోపలికెలా వచ్చారు?"

"కోడ్ మార్చలేదుగా బాబూ, పాతదే నొక్కాను" అన్నాడు పెద్దాయన, ఇందులో వింతేముందన్నట్టు. "నా పేరు పరంధామయ్య. వెనక అపార్ట్‌మెంట్స్‌లో ఉంటాను. ఇవాళ నెలలో మొదటి ఆదివారం కదా, కారు తిప్పి పోదామని."

"తిప్పడమేంటి? అది స్టార్టే అవ్వదు!"

"స్టార్ట్ చేయడం కాదు. ఇంజిన్ని చేత్తో తిప్పడం. పది చుట్లు చాలు."

షామ్‌బర్గ్‌లో ఈ ఇల్లు కొని నెలన్నా కాలేదు. ఇల్లమ్మిన రాధాకృష్ణ గారు తాళాలిస్తూ, "గ్యారేజ్‌లో అరవై ఎనిమిది నాటి ప్యూజో ఉంది. ఫ్రెంచి కారు. పంతొమ్మిదేళ్లుగా కదల్లేదు. నడుపుతానంటే ఉంచుకోండి. రోడ్డెక్కిన రోజు ఫోన్ చేస్తే కాగితాలు పంపిస్తాను" అన్నారు.

దివాకర్ ఎగిరి గంతేశాడు. భార్య అంకిత వెయ్యలేదు.

"నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ లోపు అది కదలాలి దివా. లేదంటే స్క్రాప్ వాడికి కాల్ చేస్తా. ఆరు వింటర్లు కారు మీద ఐస్ గీకీ గీకీ, గ్యారేజ్ కోసమే కదా ఈ ఇల్లు కొన్నది?"

అసలే ఆ గడువు నెత్తి మీదుంది. దానికి తోడు ఈయనొకడు.

"అంకుల్, ఇది ఇప్పుడు మా ఇల్లు. ఇలా చెప్పకుండా వస్తే ఎలా? పోలీసులకి కాల్ చేసేవాణ్ని."

"నిజమే బాబూ, తప్పే." పరంధామయ్య కడ్డీని జాగ్రత్తగా గోడకి ఆనించాడు. "ఇది ఇక్కడే ఉంచుతాను. ముందు బంపర్ దగ్గర రంధ్రం ఉంది, అందులో పెట్టి తిప్పండి. నెలకోసారి. లేకపోతే ఇంజిన్ బిగుసుకుపోతుంది."

"యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయంకుల్."

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. దివాకర్ వినకుండా బయటికి దారి చూపించాడు. మధ్యాహ్నానికల్లా కోడ్ మార్చేశాడు.

మే నెల మొదటి ఆదివారం డోర్‌బెల్ మోగింది.

"తిప్పారా బాబూ?"

"తిప్పుతానంకుల్. లిస్ట్‌లో ఉంది."

ఉంది మరి. ఆఫీసు ప్రాజెక్టులకు పెట్టినట్టే కారుకీ లాప్‌టాప్‌లో ఒక పనుల బోర్డు పెట్టాడు. అరవై నాలుగు టాస్కులు. ఇంజిన్ని చేత్తో తిప్పడం 'లో ప్రయారిటీ' కింద అట్టడుగున పడి ఉంది. హెడ్‌లైట్ల మెరుగు, సీట్ కవర్ల రంగు మాత్రం పైనున్నాయి.

జూన్‌లో కార్బురేటర్ ఊడదీసి రిపేర్‌కి పంపాడు. అది ఊడిన చోట ఇంజిన్ నోరు తెరుచుకునే ఉంది. ఫొటోలు బాగా రావాలని ఆ ఇంజిన్ని ప్రెషర్ వాషర్ పెట్టి తళతళలాడేలా కడిగాడు.

మర్నాడు గ్యారేజ్ తెరిచి ఉండటం చూసి పరంధామయ్య వచ్చాడు. ఇంజిన్ని చేత్తో తడిమాడు. ఆయన మొహం పాలిపోయింది.

"అయ్యయ్యో, నీళ్లు కొట్టారా? ఇవాళే తిప్పెయ్యాలి బాబూ. అయిదు నిమిషాలు నన్ను తిప్పనివ్వండి చాలు."

దివాకర్‌కు చిర్రెత్తుకొచ్చింది. మేనేజర్ దగ్గర్నుంచి పక్కింటి పిల్లల దాకా ఈ కారు మీద సలహా ఇవ్వనివాళ్లు లేరు.

"అంకుల్, ప్లీజ్! ఇది నా కారు. నన్ను చేసుకోనివ్వండి. మీరింక రావద్దు."

పరంధామయ్య తలూపాడు. కడ్డీ వంక ఒకసారి చూసి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

పీడా వదిలిందనుకున్నాడు దివాకర్.

ఆ తర్వాత కారు అతనికి మూడు చెరువుల నీళ్లు తాగించింది. ఫ్రాన్స్ నుంచి రెండు నెలలకు వచ్చిన పైపు వేరే మోడల్‌ది. పెట్రోల్ ట్యాంకు ఒకచోట అతికిస్తే ఇంకోచోట కారింది. స్నేహితులు దీపావళి పార్టీకి పిలిస్తే ఆ పూట బ్రేకులతో కుస్తీ పడుతున్నాడు.

థాంక్స్‌గివింగ్‌కు ముందు ఆదివారం అన్నీ బిగించి, కొత్త బ్యాటరీ పెట్టి, తాళం తిప్పాడు.

టక్.

మళ్లీ తిప్పాడు. టక్.

"అంతేనా?" అంది అంకిత.

పాత ఫ్రెంచి కార్లు తెలిసిన మెకానిక్ ఒకాయన విస్కాన్సిన్‌లో ఉంటే బతిమాలి పిలిపించాడు. ఆయన కడ్డీని బంపర్ రంధ్రంలో పెట్టి ఒంటి బరువంతా వేశాడు. ఇంజిన్ వెంట్రుక వాసి కూడా కదల్లేదు. చిన్న కెమెరా లోపలికి దించి చూశాడు.

"తుప్పు. బిగుసుకుపోయింది. ఇంక ఈ ఇంజిన్ పనికిరాదు."

"పంతొమ్మిదేళ్లు ఆగిన బండి కదా, అంతేలెండి" అన్నాడు దివాకర్ నీరసంగా.

"పంతొమ్మిదేళ్ల తుప్పు ఇలా ఉండదు. ఇది ఈ వేసవిలో నీళ్లు పోయి పట్టింది. తుప్పు లేనిచోట లోపల అద్దంలా ఉంది. ఇన్నేళ్లూ ఎవరో క్రమం తప్పకుండా తిప్పుతూ వచ్చారు. మార్చిలో నన్ను పిలిచుంటే ఆ సాయంత్రానికే మీరు నడిపేవారు."

దివాకర్ సిగ్గుతో చచ్చిపోయాడు. కోటు కూడా వేసుకోకుండా వెనక అపార్ట్‌మెంట్స్‌కు పరుగెత్తాడు. పరంధామయ్య ఫ్లాట్ ఏదో అడిగి తలుపు తడితే, తీసింది ఎవరో కొత్తవాళ్లు.

రాధాకృష్ణ గారికి ఫోన్ చేశాడు.

"పరంధామయ్య గారా? పోయిన నెలే ఇర్వింగ్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. వెళ్లేముందు కూడా అడిగారు, ఆ అబ్బాయి తిప్పుతున్నాడా అని."

"అన్నేళ్లు తిప్పారటండీ. మీ కారంటే ఆయనకెందుకంత పట్టింపు?"

రాధాకృష్ణ గారు ఆశ్చర్యపోయారు.

"మా కారా? ఆయన మీకు చెప్పలేదా? చూపు తగ్గి లైసెన్స్ పోయినప్పుడు మా గ్యారేజ్‌లో పెట్టుకున్నారు బాబూ, అది ఆయన సొంత కారు. ఇష్టంగా నడిపేవాడు దొరికితే ఊరికే ఇచ్చెయ్యమన్నదీ ఆయనే."