బాంబు పడని ఖిదిర్‌పూర్

వినయ్ రాస్తున్న బెంగాలీ నవలలో, రెండో ప్రపంచ యుద్ధకాలంలో కలకత్తా మీద ఒక్క బాంబు కూడా పడలేదు. అదే కలకత్తాలో, ఏక్‌బాల్‌పూర్ ఇంట్లో రోజూ సాయంత్రం, రాసిందంతా మామ్మ లోయిస్‌కు తెలుగులో చెప్పేవాడు.

నిజానికి ఆ బాంబులకే ఆమె తండ్రి ఖిదిర్‌పూర్ రేవులో పనిలో ఉండగా పోయాడు. అప్పటికామె ఆరేళ్ల పిల్ల. నవలలో మాత్రం ఆయన డ్యూటీ దిగి, ఈల వేసుకుంటూ ఇంటికి నడిచొచ్చాడు.

ఆ అధ్యాయం విన్న మర్నాటినుంచి మామ్మ భోజనాల దగ్గర మరో కంచం పెట్టసాగింది. అందులో అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని నవ్వుకునేది.

వినయ్‌కు భయం వేసింది. "మామ్మా, అది కథ. నిజం కాదు."

"నాకు తెల్దేటి?" అందామె. "కొన్నాళ్లు కళ్లారా చూసుకున్నాను. ఇంక చాలు, సంపెయ్."

"ఎవర్ని?"

"మా అయ్యనే. ఆయన బతికుంటే మమ్మల్ని మా ఊరు తీసుకెళ్లిపోయేవోడు. నేను మీ తాతని మనువాడేదాన్ని కాదు. నువ్వు పుట్టేవోడివే కాదురా."

ఆమె అతని తల నిమిరింది.

"కానైతే ఈసారి శవం దొరికిందని రాయి నాయినా. సమాధి చేసినారని రాయి. ఆయనొత్తాడని మా యమ్మ సచ్చిపోయినదాకా తలుపు గడియ ఎయ్యనీలేదు."