గ్రహణం వేళ చప్పుడు

తన్మయి అరచెయ్యి తెరిచింది. అందులో ఆమె కాలి మట్టెలున్నాయి.

"ఆంటీ, వీటిని కరిగించి నాకొక చంద్రుడి లాకెట్ చేసిపెడతారా?"

క్రాన్‌బర్న్ అనే విదేశీ ఊళ్లో తన్మయివీ, సుగుణవీ పక్కపక్క యూనిట్లు. మధ్యన ఒకటే గోడ. ఆ గోడ పక్కనున్న గ్యారేజీలోనే సుగుణ వెండి నగలు చేసి, సండే మార్కెట్లో అమ్ముతుంది.

"మొగుడుండగా మట్టెలు తియ్యొచ్చా, పిచ్చిపిల్లా?"

"నిన్న ఇంట్లోంచి బయటికొచ్చేశానాంటీ. ఫ్రెండ్ వాళ్లింట్లో ఉంటున్నా. ఇంక వెనక్కి వెళ్లను."

సుగుణ మట్టెలు అందుకుంది. తన్మయి బల్ల మీది లాకెట్ ఒకటి చేతిలోకి తీసుకుంది. దానికి వేలాడే చీటీ మీద సుగుణ రాసిన కథ ఉంది. పెరూలో పూర్వం చంద్రుణ్ణి తల్లిగా కొలిచేవారట. గ్రహణమంటే ఆ తల్లిని మృగం కరిచి పట్టుకోవడమేనట. అప్పుడు ఊరంతా బయటికొచ్చి, మృగం వదిలేదాకా పెద్దగా చప్పుడు చేసేవారట.

"మార్కెట్లో ఇది చదివాకే నాకు అర్థమైందాంటీ. అతను నన్ను కొట్టినప్పుడల్లా మీరిటు సుత్తితో మొదలుపెట్టేవారు. ఆ చప్పుడు వినగానే చెయ్యి దించేసేవాడు. ఎవరో వింటున్నారని భయం. యూ సేవ్డ్ మీ, ఆంటీ."

వంగి కాళ్లకు దణ్ణం పెట్టబోయింది. సుగుణ గబుక్కున కాళ్లు వెనక్కి తీసుకుంది.

మట్టెలు సుగుణ చేతిలో ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

గోడ అవతల ఏడుపు మొదలవగానే సుగుణ సుత్తి అందుకునేది, అది తన చెవిన పడకూడదనే.