బై నంబరు

“ఈ స్టిక్కరు ఇంకో వారం ఉంటే మునిసిపాలిటీకి ఏమైనా నష్టమా అమ్మా?”

కిటికీ చువ్వల వెనక నుంచి ప్రూఫ్‌రీడరు గారు అలా అడిగేసరికి, తలుపు మీది స్టిక్కరు గోకుతున్న అమ్మాయి చెయ్యి ఆగింది.

“పద్నాలుగు రోజులు అయిపోయాయి బాబాయ్ గారూ. ఎప్పుడు తీస్తావని అందరూ నా ప్రాణం తోడేస్తుంటే, మీరేంటి, ఉంచమంటారు?”

“పొద్దున్నించి కాస్త దగ్గుగా ఉంది.”

“ఏదీ, దగ్గండి.”

ఆయన దగ్గారు. అరవై ఎనిమిదేళ్లలో అంత అధ్వాన్నంగా ఎప్పుడూ దగ్గలేదు. అమ్మాయి మాస్కు వెనక నవ్వింది. మళ్లీ గోకడం మొదలుపెట్టింది. ‘ఈ ఇంటికి రావద్దు’లో ‘ఈ ఇంటికి’ ఊడిపోయి, ‘రావద్దు’ మాత్రం మొండికేసింది.

ప్రూఫ్‌రీడరు గారు నలభై ఏళ్లు అచ్చాఫీసులో ఇతరుల తప్పులు దిద్ది రిటైరైన మనిషి. భార్య పోయి ఆరేళ్లు. పిల్లలు లేరు. లాక్‌డౌన్‌కి ముందు ఆయనకి రోజుకి మూడు పలకరింపులు దొరికేవి: పాల దుకాణంలో ఒకటి, లైబ్రరీలో ఒకటి, టీ కొట్టు దగ్గర ఒకటి. లాక్‌డౌన్ వచ్చి మూడూ ఊడ్చుకుపోయింది. ఆ తర్వాత పదకొండు రోజులు ఆయన గొంతుకి పనే లేదు. అసలు పలుకుతోందో లేదో చూద్దామని ఒకనాడు పాత పేపరు తీసి వార్తొకటి గట్టిగా చదివారు. సగంలో ఏడుపొచ్చి ఆపేశారు.

పన్నెండో రోజున తలుపు చప్పుడైంది. ఈ అమ్మాయే. మునిసిపాలిటీలో ఆమె అసలు పని పుట్టిన పిల్లలకి సర్టిఫికెట్లు రాయడం. ఇప్పుడేమో బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల తలుపులకి స్టిక్కర్లు అంటించి, పద్నాలుగు రోజులూ వెళ్లి ఎలా ఉన్నారో కనుక్కుని రాసుకోమన్నారు.

“బయట నుంచి వచ్చింది మీరేనా?” అంది మాస్కులోంచి.

ఆయనకి సరిగ్గా వినపడలేదు. “ఆఁ?” అన్నారు.

ఆయన అన్నది ‘ఏమిటీ?’ అని. ఆమె విన్నది ‘అవును’ అని. ఆయన మళ్లీ నోరు తెరిచేలోపు తలుపుకి స్టిక్కరు పడింది, రిజిస్టరులో టిక్కూ పడింది.

“జ్వరం ఉందా బాబాయ్ గారూ? రాత్రి నిద్ర పట్టిందా? ఏమైనా తిన్నారా?”

ఏమైనా తిన్నారా అని ఆయన్ని ఆరేళ్లుగా ఎవరూ అడగలేదు. ‘నేను ఎక్కడి నుంచీ రాలేదమ్మా’ అనాల్సిన మనిషి, “తిన్నాను తల్లీ” అన్నారు. ఆమె వెళ్లాక స్టిక్కరు చదివితే, దాని మీద ఇంటి నంబరు 37/1-ఏ అని ఉంది. ఆయనది ఉత్త 37/1. ఏ అంటే వెనక వాటా, దారి వెనక సందులోంచి. అక్కడికి మొన్ననే ఒక లారీ డ్రైవరు వచ్చి దిగాడు.

జీవితమంతా తప్పులు దిద్దిన మనిషి ఈ ఒక్కదాన్ని దిద్దకుండా వదిలేశారు. రేపు చెబుదాంలే అనుకున్నారు.

మర్నాడు ఆమె ఆలస్యంగా వచ్చింది. ఇళ్లన్నీ అయ్యాక ఆఖరున వచ్చి, ఎదురు గోడ మీద కూలబడి నీళ్లు తాగింది. ఆనాటి నుంచీ అదే వరస. రిజిస్టరు సంచిలోంచి తీసేది కూడా కాదు. అన్నీ గుర్తుపెట్టుకుని ఆఫీసులో రాస్తుంది కాబోలు, జ్ఞాపకశక్తి అంటే అదీ అని ఆయన మెచ్చుకునేవారు. ఇంట్లో పసిబిడ్డకి అంటుకుంటుందేమో అని తాను ఆఫీసు స్టోరు గదిలో పడుకుంటోందని, బిడ్డ ఫోన్లో తనని చూసి గుర్తుపట్టక ఏడ్చిందని చెప్పింది. ఆ రోజు ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు.

స్టిక్కరు చూసి ఇరుగుపొరుగువాళ్లు కిటికీలు మూసుకున్నారు. అది ఆయనకి చీమ కుట్టినట్టు కూడా లేదు. బాధంతా గోడ అవతలి దగ్గుతో వచ్చింది. అది ఆయన దగ్గులాంటిది కాదు, నిజమైనది. ఈ అమ్మాయి వెళ్లాల్సింది అక్కడికి. చెబితే రేపటి నుంచి తన దగ్గరికి రాదు. చెప్పకపోతే అవతల మనిషికి ఏమవుతుందో! రోజూ చెప్పాలనుకోవడం, ఆమె “ఏమైనా తిన్నారా?” అనగానే నోరు మూసుకోవడం. రెండు రోజులుగా ఆ దగ్గు వినిపించడం లేదు. అప్పటి నుంచి ఆయనకి ముద్ద దిగడం లేదు.

“అమ్మా, గోకడం ఆపు” అన్నారు.

“మళ్లీ దగ్గొచ్చిందా?”

“నేను ఏ ఊరి నుంచీ రాలేదు. వచ్చింది వెనక వాటా డ్రైవరు. నాకు మొదటి రోజే తెలుసు. నువ్వు రావడం మానేస్తావని చెప్పలేదు. నేను పాపిష్టివాణ్ణి తల్లీ. ముందు వెళ్లి అతను ఎలా ఉన్నాడో చూడు.”

ఆమె కంగారుపడలేదు, కోప్పడలేదు.

“ఆయనకి మామూలు జలుబేనట బాబాయ్ గారూ, పరీక్షలో తేలింది. తగ్గిపోయింది కూడా. నిన్న ఆయన స్టిక్కరు నేనే తీశాను.”

ప్రూఫ్‌రీడరు గారికి అతను బతికి ఉన్నందుకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే సిగ్గుతో తల వాలిపోయింది.

“అయితే నా సంగతి బయటపడిందన్నమాట. నిన్ననేనా? పై వాళ్లు నిన్ను ఏమైనా అన్నారా?”

ఆమె సంచిలోంచి రిజిస్టరు తీసి, ఒక పేజీ తెరిచి, చువ్వలకి ఆనించి పట్టుకుంది. పేజీ మొత్తానికి ఒకటే పద్దు, మొదటి రోజుది. దాన్ని ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి, పక్కన ఆమె దస్తూరీతో రాసి ఉంది: ‘పొరపాటు. 37/1-ఏ బదులు 37/1కి అంటించాను. ఈ ఇంటికి మళ్లీ రానవసరం లేదు.’

కింద సంతకం, తేదీ.

తేదీ రెండో రోజుది.